మూడు నదుల మధ్య బడి

చంద్రపూర్ పేరు చెబితే మన చుట్టాలకు గుర్తుకొచ్చేవి మూడే మూడు: బొగ్గు గనులు, మే నెల ఎండ, మహాకాళి అమ్మవారు. చైత్రంలో అమ్మవారి జాతరకు ఆదిలాబాదు, నాందేడు వైపు నుంచి వచ్చే జనం మాటల్లో తెలుగూ మరాఠీ కలగలిసి వినిపిస్తుంటే, మనం ఏ రాష్ట్రంలో ఉన్నామో చప్పున చెప్పడం కష్టం. వచ్చినవాళ్ళు కోట గోడ, జట్‌పురా దర్వాజా చూసి, తాడోబాలో పులి కనిపించిందో లేదో చెప్పుకుంటూ రైలెక్కి వెళ్ళిపోతారు. ఆగ్నేయంగా వెళ్ళమని మనమూ చెప్పం, వాళ్ళూ అడగరు. ఈ వ్యాసం ఆ దిక్కు గురించి.

పాత చాందా జిల్లా చాలా పెద్దది. అందులో తూర్పు భాగం, అంటే అడవి భాగం, 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లాగా వేరుపడింది. ఆ జిల్లా కొసన, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు మీద భామ్రాగడ్ అనే చిన్న తాలూకా కేంద్రం ఉంది. ఇంద్రావతి, పర్లకోట, పాముల గౌతమి అక్కడే కలుస్తాయి. మూడో నది పేరు మరోసారి చదవండి. మరాఠీ రాష్ట్రంలో, మాడియా గోండుల అడవిలో, పాముల గౌతమి! ఆ పేరు ఎవరు పెట్టారోగాని మన నోటికి మాత్రం చుట్టంలా తగులుతుంది.

ఈ నదులూ, వాటిలో పడే వాగులూ పొంగాయంటే మధ్యనున్న ఊళ్ళు దీవులైపోతాయి. సముద్రంలో దీవికైనా పడవ వెళుతుంది. ఈ ఉరవడిలో పడవ కూడా సాగదు. పర్లకోట మీది పాత వంతెన ఎత్తు తక్కువ కావడంతో ఏళ్ళ తరబడి ప్రతి వానాకాలమూ అది మునిగేది. భామ్రాగడూ, దాని వెనుక నూరుకు పైగా పల్లెలూ లోకానికి దూరమయ్యేవి.

అటువంటి చోట ఏడాదిపాటు పిల్లలకు చదువు చెప్పి వస్తానని మా చిన్నమ్మాయి అన్నది.

బి.ఎస్‌సీ., బి.ఎడ్. చేసింది. చంద్రపూర్‌లోనే ఒక ప్రైవేటు బడిలో మూడేళ్ళుగా పనిచేస్తున్నది. మా శ్రీమతి ఆ మాట వినగానే ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. మా ఇంట్లో అది అన్నిటికన్నా పెద్ద అభ్యంతరం. నేను బి.కాం. చదివినవాణ్ణి, ముప్పై ఏళ్ళుగా అప్పుల దరఖాస్తులు చూస్తున్నవాణ్ణి. ఒక కాగితం తీసి రెండు గళ్ళు గీశాను. ఒక వైపు పోయే జీతం, ఆగిపోయే పి.ఎఫ్., ఏడాది వెనకబడే పెళ్ళి సంబంధాలు, మలేరియా. రెండో గడిలో ఏం రాయాలో తెలియలేదు. బ్యాంకులో అయితే అప్పు ఇచ్చేముందు స్థలం చూసి రావాలన్న నిబంధన ఉంది. "ముందు చూసి వద్దాం" అన్నాను. డిసెంబరులో నాలుగు రోజులు సెలవు పెట్టి ముగ్గురం ప్రయాణం కట్టాం.

చంద్రపూర్ నుంచి బల్లార్‌పూర్, గోండ్‌పిప్రి మీదుగా వెళ్ళి వైన్‌గంగ దాటితే ఆష్టి. అక్కడి నుంచి ఆలాపల్లి. నూరు కిలోమీటర్ల పైమాట. ఆలాపల్లిలో టీ హోటలు యజమాని మా మాటలు విని, "ఏ ఊరు సార్ మీది?" అని తెలుగులో పలకరించాడు. సిరొంచ దగ్గర ప్రాణహిత దాటితే మన కాళేశ్వరమే కదా, ఆ గాలి ఇక్కడిదాకా వస్తుంది. బ్రిటిషు వాళ్ళ కాలంలో అప్పర్ గోదావరి అనే జిల్లాకు సిరొంచే కేంద్రంగా ఉండేదని ఈ తరంలో ఎందరికి తెలుసు?

ఆలాపల్లి దాటాక టేకు చెట్లు రెండు పక్కలా గోడ కట్టినట్టుంటాయి. పెరిమిలి, తాడ్‌గాఁవ్ మీదుగా మరో అరవై కిలోమీటర్లు. దారిలో పోలీసు ఠాణాలు, వాటి చుట్టూ ఇనుప కంచెలు. 1980 నుంచి ఈ అడవి చూసిన తుపాకులు ఎన్నో. ఆ తుపాకులు పట్టినవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు, చనిపోయినవాళ్ళలో ఈ అడవి బిడ్డలూ ఉన్నారు. దాని గురించి రాయడానికి నేను తగినవాణ్ణి కాను. ఆడపిల్ల తండ్రిగా ఆ కంచెల్ని లెక్కపెట్టానని మాత్రం చెబుతాను.

భామ్రాగడ్‌కు మూడు కిలోమీటర్ల ముందు హేమల్‌కసా. మేం వెళ్ళింది అక్కడికే.

మన వరోరా దగ్గరి ఆనందవనం తెలియని చంద్రపూర్ వాసి ఉండడు. 1949లో మహారోగి సేవా సమితి పెట్టి కుష్ఠు రోగులకు ఊరు కట్టిచ్చిన బాబా ఆమ్టే, 1973 డిసెంబరు 23న ఈ అడవిలో లోక్ బిరాదరీ ప్రకల్ప్ మొదలుపెట్టారు. కొడుకు ప్రకాశ్, కోడలు మందాకిని ఇద్దరూ డాక్టర్లు, అప్పుడే పెళ్ళయినవాళ్ళు. పట్నంలో ప్రాక్టీసు పెట్టుకోవలసిన వయసులో ఇక్కడ గుడిసె వేసుకున్నారు. రోడ్డు లేదు, కరెంటు ఏళ్ళ తరబడి రాలేదు. చెట్టు కింద ఆసుపత్రి. మొదట్లో జనం వీళ్ళను చూసి అడవిలోకి పారిపోయేవారట. ఒంటిమీద సరైన బట్టలేని మనుషుల మధ్య తనకెందుకని ప్రకాశ్ గారు నిక్కరు, బనీనుతో సరిపెట్టుకున్నారు. ఆ వేషం అలాగే ఉండిపోయింది. 2008లో భార్యాభర్తలిద్దరికీ కలిపి మెగసెసే అవార్డు వచ్చింది. 2014లో నానా పాటేకర్‌తో సినిమా కూడా వచ్చింది. మా ఇంటిల్లిపాదీ చూశాం. మా అమ్మాయి ఆలోచనకు విత్తనం ఆ సినిమాలోనే పడిందని మా శ్రీమతి అనుమానం.

అందరూ ఆసుపత్రి గురించి, వాళ్ళు పెంచిన చిరుతల గురించి, ఎలుగుబంట్ల గురించి రాస్తారు. నేను బడి గురించి రాస్తాను. అది 1976లో మొదలైంది. డాక్టర్లకు బడి ఎందుకంటే, సమాధానం నాలాంటి కామర్సు వాడికి ఇట్టే అర్థమయ్యేది. ఈ అడవుల్లో సారపప్పు దొరుకుతుంది. మన పాయసంలో నాలుగు పలుకులు వేయడానికి ధర చూసి వెనక్కి తగ్గుతామే, ఆ సారపప్పు. బయటి నుంచి వచ్చే వ్యాపారి కిలో ఉప్పు ఇచ్చి కిలో సారపప్పు పట్టుకుపోయేవాడు. కిలోకి కిలో, తూకం సరిగ్గానే ఉందిగా! మోసపోయామన్న సంగతి తెలియాలంటే ధర అనేది ఒకటుందని తెలియాలి. కాగితం మీద వేలిముద్ర వేసేముందు అందులో ఏముందో తెలియాలి. మందులతో జ్వరం తగ్గుతుందిగాని ఈ రోగం తగ్గదు.

అందుకని బడి పెట్టారు. పెట్టగానే పిల్లలు వచ్చి కూర్చోలేదు. నాలుగు గోడల మధ్య నిద్రపోవడం వాళ్ళకు కొత్త. రాత్రికి రాత్రి అడవిదారిన ఇంటికి పారిపోయేవారు. సెలవులిస్తే తిరిగి వచ్చేవారు కాదు. పంతుళ్ళు పల్లె పల్లెకూ నడిచి వెళ్ళి, తల్లిదండ్రుల్ని బతిమాలి వెంట తెచ్చుకునేవారు. వచ్చినవాళ్ళకు స్నానం చేయించడం, తల దువ్వడం, గజ్జికి మందు రాయడం, రాత్రి ఏడిస్తే పక్కన పడుకోవడం, ఇవన్నీ పంతులు పనులే. పుణె నుంచి వచ్చిన విలాస్ మనోహర్, బడిని దశాబ్దాలు నడిపిన గోపాల్ ఫడ్నీస్, ఇంకా పేర్లు బయటికి రాని ఎందరో అలా పనిచేశారు. ప్రకాశ్ గారి పిల్లలు కూడా మాడియా పిల్లల పక్కన అదే బడిలో నేలమీద కూర్చొని చదువుకున్నారు. నన్నడిగితే అన్ని అవార్డులకన్నా ఆ సంగతికే ఎక్కువ మార్కులు వేస్తాను. సొంత పిల్లల్ని చేర్చని బడిని నడపడం మన దేశంలో చాలా సులభం.

ఆ తర్వాత బడి పన్నెండో తరగతిదాకా పెరిగింది. ఆరువందలకు పైగా పిల్లలు అక్కడే ఉండి చదువుకునే ఆశ్రమ పాఠశాల అయింది. ఇక్కడ చదివినవాళ్ళలోంచి మాడియాల్లో తొలి డాక్టరు వచ్చాడు.

రెండో రోజు మా అమ్మాయి కోరికమీద చిన్న తరగతిలో ఒక మూల కూర్చున్నాం. టీచరమ్మ మరాఠీలో ఒక వాక్యం చెబుతున్నది, వెంటనే మాడియాలో ఒక ముక్క కలుపుతున్నది. మాడియాలో అనేసరికి పిల్లల ముఖాలు విచ్చుకుంటున్నాయి, మళ్ళీ మరాఠీలోకి వెళ్ళేసరికి ముడుచుకుంటున్నాయి. నాకు అక్కడ కూర్చోవడం కష్టమైంది. కారణం చెబుతాను.

మా నాన్నగారు కరీంనగర్ జిల్లా నుంచి బల్లార్‌పూర్ పేపరు మిల్లులో పనికి వచ్చారు. నన్ను దగ్గర్లోని ఒక మరాఠీ బడిలో వేశారు. ఇంట్లో తెలుగు తప్ప వేరే మాట వినని ఆరేళ్ళవాణ్ణి. మొదటి నాలుగు నెలలు గురువుగారు ఏమంటున్నారో ఒక్క ముక్క తెలియలేదు. దాహం వేస్తే అడగడం ఎలాగో తెలియక మధ్యాహ్నం గంట కొట్టేదాకా ఊరుకునేవాణ్ణి. మొద్దు అని రిజిస్టరులో రాయలేదుగాని మాట మాత్రం అనేవారు. ఆ మాట అర్థం తెలిసేటప్పటికి దసరా సెలవులొచ్చాయి. తర్వాత మరాఠీ నాకు వచ్చింది, బాగానే వచ్చింది, ఆ భాషమీదే ఉద్యోగం చేసుకుంటున్నాను. ఆ నాలుగు నెలలు మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఇంతలో టీచరమ్మ అంకెలు మొదలుపెట్టింది. ఉండి, రండ్, ముండ్, నాలుంగ్, సైయుంగ్. మా శ్రీమతి నా మోచేతిని పొడిచింది. రండ్ అంటే రెండు, ముండ్ అంటే మూడు, నాలుంగ్ అంటే నాలుగు! తర్వాత అడిగి తెలుసుకున్నాం: నీళ్ళకు ఏర్, మన ఏరే. కంటికి కన్, చేతికి కయ్, చెట్టుకు మరా, మన మ్రాను. ఇందులో వింత లేదని చదువుకున్నవారికి తెలుసు. తెలుగూ గోండీ ఒకే కొమ్మకు చెందినవని భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఎప్పుడో తేల్చారు. తమిళ కన్నడాలకన్నా గోండీయే మనకు దగ్గరి చుట్టం. సంస్కృతంతో చుట్టరికం కలుపుకోవడానికి మనం పడే పాట్లలో పదో వంతు ఈ అడవి చుట్టాల కోసం పడలేదు. మరాఠీ పిల్ల ఆరు నెలలు కష్టపడి నేర్చుకునేది మన పిల్లకు మూడు నెలల్లో వస్తుందేమో అనిపించింది. నా కాగితంలో రెండో గడిలో రాసిన మొదటి పద్దు అదే.

తల్లిభాషలో మొదలుపెట్టడమన్నది కొత్త ఆలోచన కాదు. మనం కాజీపేట రైల్లో దాటిపోయే ఆసిఫాబాద్ రోడ్డు స్టేషనుకు పడమటి కొండల్లో మార్లవాయి అనే ఊరుంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం పోలీసు కాల్పుల్లో మరణించాక, గోండుల బాధలేమిటో తెలుసుకొని చెప్పమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుణ్ణి పంపింది. ఆయన 1943లో మార్లవాయిలో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ ఇప్పించి, గోండీ భాషలో నాగరి లిపితో వాచకాలు రాయించారు. మన రాజురా కూడా ఆనాడు హైదరాబాదు రాజ్యంలోనే, ఆ జిల్లాలోనే ఉండేది. ఆయనా, ఆయన భార్యా ఇద్దరి సమాధులూ ఆ ఊళ్ళోనే ఉన్నాయి. పంతుళ్ళు గోండులే అయితే పిల్లవాడు దాహానికి నీళ్ళడగగలడు. హేమల్‌కసాలో మాడియాలో తొలి పుస్తకాలు తయారయ్యాయని చెప్పి చూపించినప్పుడు నాకు ముందుగా తట్టింది ఆ ఊరే.

సాయంత్రం ఒక పాత టీచరు గారి క్వార్టరులో టీ తాగాం. ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నారు. మా శ్రీమతి సూటిగానే అడిగింది, "వానల్లో ఎలా ఉంటారండీ?" అని. ఆయన నవ్వి, "కూరగాయలు ఉండవమ్మా, అంతే" అన్నారు. తర్వాత నెమ్మదిగా బయటికొచ్చింది. జూన్ మొదటి వారానికల్లా బియ్యం, పప్పు, ఉల్లిగడ్డ, బంగాళాదుంప గదిలో చేరాలి. తెల్లవారుజామున చెప్పులు వేసుకునేముందు దులపాలి, కట్లపాములుంటాయి. దోమతెర లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోకూడదు. ఇటు వాగులు, అటు పర్లకోట పొంగితే బయటికి దారి ఉండదు. ఫోను ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో దానికే తెలియదు. తన తండ్రి పోయినప్పుడు కబురు అందేసరికి మూడు రోజులైందని, వాగు తీసి ఊరు చేరేసరికి దినాలు కూడా దగ్గరపడ్డాయని మామూలు గొంతుతోనే చెప్పారు. మా శ్రీమతి టీ కప్పు కింద పెట్టేసింది.

"ఏడాదికని వచ్చేవాళ్ళు ఎంతమంది నిలుస్తారు?" అని నేనడిగాను. బ్యాంకువాడి బుద్ధి, మొండి బాకీల శాతం అడగకుండా ఉండలేదు.

"కొందరు వారంలో వెళ్ళిపోతారు. ఫోటోలు తీసుకొని వెళతారు. తప్పేం లేదు. కాని పిల్లలు వాళ్ళ పేర్లు నేర్చుకొని ఉంటారు, రెండో వారం ఆ పేర్లే అడుగుతారు. అందుకని మేం చెప్పేది ఒకటే. వస్తే ఒక వానాకాలమైనా ఉండాలి. వానలో మాతోపాటు చిక్కుకున్న పంతుల్నే పిల్లలు నమ్ముతారు."

మా అమ్మాయి వైపు చూడలేదాయన. కాని ఆ మాట ఎవరికి చెప్పారో ముగ్గురికీ తెలిసింది.

మర్నాడు భామ్రాగడ్ వెళ్ళి సంగమం చూశాం. డిసెంబరు నీళ్ళు నిమ్మళంగా, పచ్చగా ఉన్నాయి. ఒక ముసలాయన దోనెలో నిలబడి వల విసురుతున్నాడు. ఎదుటి ఒడ్డు ఛత్తీస్‌గఢ్. ఇంద్రావతి అక్కడి నుంచి వంకలు తిరుగుతూ వెళ్ళి సోమనూరు దగ్గర గోదావరిలో కలుస్తుంది. అంటే మా అమ్మాయి ఇక్కడ కాళ్ళు కడుక్కున్న నీళ్ళే భద్రాచలం రాముడి ముందు నుంచి పోతాయన్నమాట. మా శ్రీమతి ఆ మాట తనే అన్నది, ఒక పసుపు కొమ్ము నీళ్ళలో వేసి దణ్ణం పెట్టింది. అంగీకారమని నోటితో చెప్పలేదు. తిరుగు ప్రయాణంలో పెరిమిలి దాటాక, "రెండు దోమతెరలు కొనాలి, ఒకటి చిరిగితే" అన్నది. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. రెండో గడి సగం ఖాళీగానే ఉంది.

మే నెలాఖరున నేనే వెంట వెళ్ళి దించి వచ్చాను. సామానులో పచ్చళ్ళు మూడు జాడీలు, కారప్పొడి, కందిపొడి, రెండు దోమతెరలు, టార్చి, సెల్లులు, ఓడోమాస్ అరడజను. మన సంఘం గ్రంథాలయం నుంచి బొమ్మల పుస్తకాలు ఇరవై తీసుకెళ్ళింది. తెలుగువని ఇబ్బంది లేదట. బొమ్మ చూపించి కథ మాడియాలో చెప్పుకుంటారట.

జూలైలో పదకొండు రోజులు ఫోను లేదు. మా శ్రీమతి రోజూ నాగ్‌పూర్ రేడియోలో వార్తలు వినేది. గడ్చిరోలి పేరు రాగానే వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయేది. పన్నెండో రోజున ఫోను మోగింది. జ్వరం వచ్చి తగ్గిందని, మలేరియాయేనని, ఎదురుగానే ఆసుపత్రి కాబట్టి కంగారు పడవద్దని ఒక్క గుక్కలో చెప్పేసింది. తర్వాత అసలు విషయానికి వచ్చింది. పిల్లలు తనను టీచరు అనడం మానేసి అక్కా అంటున్నారట, మాడియాలో కాదు, తెలుగులోనే. తను నేర్పలేదట, తను ఇంటికి ఫోను చేసి వాళ్ళక్కతో మాట్లాడుతుంటే విని పట్టుకున్నారట. ఏడో తరగతి పిల్లలకు లెక్కల్లో వడ్డీ వచ్చింది, "వడ్డీ ఎవరిస్తారు, ఎందుకిస్తారు?" అని ఒక కుర్రాడు అడిగితే బ్యాంకు ఆట మొదలుపెట్టిందట. తునికాకు కూలి డబ్బు ఇళ్ళలో ఖాతాకే వస్తుంది గనుక అందరికీ పాసుబుక్కు తెలుసు, అందులో ఏముందో చదవడం తెలియదు.

"నాన్నా, మీ బ్రాంచిలో పాత డిజైను పే-ఇన్ స్లిప్పులు, విత్‌డ్రాయల్ ఫారాలు ఏమైనా పడేసేవి ఉంటే పంపండి" అన్నది.

మేనేజరు గారితో చెప్పి, వాడకం పోయినవి రెండు కట్టలు తీసి, ప్రతిదానిమీదా రద్దు ముద్ర వేయించాను. పాసుబుక్కులకు అట్టలు మా శ్రీమతి కుట్టింది, మొత్తం నలభై. పార్సెలు ఆలాపల్లిదాకా వెళ్ళింది. మొన్న ఆ టీ హోటలు ఆయనే ఫోను చేసి చెప్పాడు: ముందుకు బస్సు లేదు, వాగు తగ్గలేదు, కట్ట తన దగ్గరే బియ్యం బస్తాల మీద పొడిగా ఉంది, మొదటి బండికే ఎక్కిస్తాడట.